ముందు బ్రేకులో గాలి

పెనుమూడి,
4 ఫిబ్రవరి 2008.

తమ్ముడు అబ్దుల్ హమీద్‌కి సీతారామాంజనేయులు రాస్తున్నది.

ఇక్కడ నేనూ మీ వదినా బాగానే ఉన్నాం. బాగా లేనిది బండి ఒక్కటే. ముందు దాని సంగతి రాసి, తర్వాత నీ కాలు సంగతి అడుగుతాను. ఏమనుకోకు.

మొన్న తెనాలిలో నీ షాపుకు ఫోను చేస్తే పక్క కొట్టాయన ఎత్తాడు. జాకీ జారి నీ కాలు విరిగిందనీ, కట్టు వేయించుకుని బాపట్లలో మీ అమ్మాయి నాజియా ఇంట్లో ఉన్నావనీ చెప్పాడు. బాపట్ల నంబరుకు చేశాను. నేను "బ్రేకు పట్టట్లేదు" అన్నాను. నువ్వు "నాకూ పట్టట్లేదండి, పగలు పడుకుంటున్నాగా" అన్నావు. ముప్పై ఏళ్లు సైలెన్సర్ల పక్కన కూర్చున్న చెవులతో ఫోనులో మాట్లాడటం నాదే తప్పు. అందుకే ఉత్తరం.

పోయిన దీపావళికి నీ దగ్గర కొన్న ఆ సెకండ్ హ్యాండు బండి ఇన్నాళ్లూ బంగారంలా నడిచింది. నలభై ఏళ్లు సైకిలు తొక్కినవాణ్ణి కదా, దాని మీద కూర్చుంటే దిగబుద్ధి కాదు. పొద్దున్నే కృష్ణ వంతెన మీదుగా అవతలి ఒడ్డుకు వెళ్లి రావడం, రేపల్లెలో కాఫీ తాగి పేపరు చదువుకోవడం, పన్నెండింటికి ఇల్లు చేరడం. సాయంత్రం మళ్లీ అదే వరస. అలాంటిది శుక్రవారం ముందు బ్రేకు లివరు నొక్కితే ఉడికిన వంకాయ నొక్కినట్టు మెత్తగా లోపలికి వచ్చేసింది. చక్రం ఆగలేదు. రెండు బ్రేకులూ సరిగా ఉంటే తప్ప కదలనని బండి కొన్నరోజే మీ వదినకు మాటిచ్చాను. కాబట్టి నాలుగు రోజులుగా అరుగు మీదే ఉన్నాను.

ఏం చేయాలో రాయి.

ఇట్లు,
సీతారామాంజనేయులు.

తా.క.: కాలు ఎలా ఉంది?


బాపట్ల,
8 ఫిబ్రవరి 2008.

అన్నగారికి, వదినగారికి హమీద్ సలాములు.

కాలు ఉందండి. అంతవరకు నమ్మకంగా చెప్పగలను, కట్టు లోపల నాకూ కనపడదు. నెల దాటాక విప్పుతారట. అంతవరకు మంచం మీద కూర్చుని కిటికీలోంచి వెళ్లే బండ్ల చప్పుడు వినడమే పని, అదీ సగమే వినపడుతుంది.

మీ బండికి వచ్చింది పెద్ద రోగం కాదు. గాలి చేరింది, అంతే. గాలి తీసేస్తే లివరు గట్టిపడుతుంది. మీరే తీసుకోవచ్చు, భయం లేదు.

మీ తమ్ముడు,
అబ్దుల్ హమీద్.

తా.క.: గాలి పూర్తిగా పోయేవరకు బండి కదిలించకండి.


పెనుమూడి,
12 ఫిబ్రవరి 2008.

తమ్ముడు హమీద్‌కి,

నీ ఉత్తరం అందిన పది నిమిషాల్లో గాలి తీసేశాను. ముందు చక్రంలోది తీసి లివరు నొక్కి చూశాను. మార్పు లేదు. వెనకదానిలో కూడా తీశాను. ఇప్పుడు బండి గేదె కూర్చున్నట్టు కూర్చుంది. లివరు మాత్రం అలాగే మెత్తగా ఉంది.

కదిలించవద్దని రాశావు. ఆ భయం అక్కర్లేదు. నిన్న ముగ్గురం నెట్టినా కదల్లేదు.

ఇట్లు,
సీతారామాంజనేయులు.

తా.క.: గాలి మళ్లీ ఎప్పుడు కొట్టించాలో రాయలేదు. పంపు పట్టుకుని మీ వదిన అడుగుతోంది.


బాపట్ల,
15 ఫిబ్రవరి 2008.

అన్నగారికి నమస్కారాలు.

తప్పు నాదేనండి. ఏ గాలో రాయలేదు. నాజియా మీ ఉత్తరం గట్టిగా చదివి వినిపిస్తూ మధ్యలో మూడుసార్లు ఆగింది. చక్రాలకు వెంటనే గాలి కొట్టించండి.

నేను చెప్పింది బ్రేకు గొట్టంలో గాలి. లివరు దగ్గర చిన్న ఆయిల్ డబ్బా ఉంటుంది. అక్కడి నుంచి సన్న గొట్టం చక్రం దాకా వెళ్తుంది. అందులో ఆయిలే ఉండాలి. గాలి దూరితే లివరు మెత్తబడుతుంది. చక్రం దగ్గర, గొట్టం ఆగేచోట చిన్న నట్టు ఉంటుంది. దానికి ఎనిమిదో నంబరు స్పానరు పడుతుంది.

ఇది ఇద్దరి పనండి. ఒకరు లివరు దగ్గర, ఒకరు నట్టు దగ్గర. పైవాళ్లు నాలుగుసార్లు నొక్కి, నొక్కి పట్టుకోవాలి. అప్పుడు కిందివాళ్లు నట్టు అర చుట్టు వదులు చేయాలి. ఆయిలుతోపాటు బుడగలు వస్తాయి. నట్టు బిగించాకే పైవాళ్లు లివరు వదలాలి. ముందే వదిలితే బయటి గాలి లోపలికి పోతుంది, చేసిందంతా వృథా. బుడగలు ఆగేదాకా ఇలాగే. పైన డబ్బాలో ఆయిలు తగ్గనివ్వకండి. రేపల్లెలో దొరుకుతుంది, డాట్ త్రీ అని అడిగి పోయండి.

మీ తమ్ముడు,
హమీద్.

తా.క.: ఆయిలు పెయింటు మీద పడితే రంగు లేచిపోతుంది. చేతులకేం కాదు, కడుక్కుంటే చాలు.


పెనుమూడి,
20 ఫిబ్రవరి 2008.

తమ్ముడు హమీద్‌కి,

చక్రాలు లేచాయి. బ్రేకు లేవలేదు.

డాట్ త్రీ అంటే ఏంటో తెలియక మా వీధిలో ఉండే నరసింహారావు మాస్టారిని అడిగాను. డాట్ అంటే చుక్క, త్రీ అంటే మూడు అన్నారు. సరేనని సీసా కొనుక్కొచ్చి డబ్బాలో లెక్కపెట్టి మూడు చుక్కలు పోశాను. నాలుగోది పడబోతుంటే మీ వదిన వేలు అడ్డం పెట్టింది.

లివరు దగ్గర ఆవిణ్ణి నిలబెట్టి నట్టు దగ్గర నేను కూర్చున్నాను. "నొక్కు" అన్నాను. "నొక్కాను" అంది. "ఎప్పుడు?" "మీరు అనకముందే." "అన్న తర్వాత నొక్కాలి." "అయితే ఇప్పుడు వదలనా?" అప్పటికే వదిలేసింది. అలా గంటన్నర సాగింది. కింద నుంచి ఒక బుడగ వచ్చి మా ఇద్దరినీ చూసి మళ్లీ లోపలికి పోయింది.

తర్వాత ఆవిడ నట్టు దగ్గర తను కూర్చుంటానంది. స్పానరు పట్టుకోవడం నాకన్నా నయంగానే ఉంది. కాకపోతే అప్పటికే ఆయిలు అయిపోయింది, ఏం వస్తుంది.

ఇట్లు,
సీతారామాంజనేయులు.

తా.క.: నలభై ఏళ్లలో ఆవిడకు నేను ఏ పనిలోనైనా 'పట్టుకో, వదులు' అని చెప్పడం ఇదే మొదలు. నీ చలవే.


(పోస్టుకార్డు)

బాపట్ల, 23 ఫిబ్రవరి.

అన్నగారికి, కవర్లు అయిపోయాయి, కార్డు రాస్తున్నాను. మూడు చుక్కలు చాలవు, నిండా పోయాలి. డాట్ త్రీ అనేది ఆ మందు పేరు. ఇంకా మెత్తగానే ఉంటే లోపల గాలి మొండికేసిందన్నమాట. రాత్రంతా గట్టిగా కట్టేసి ఉంచండి, పొద్దుటికి గాలి పైకి వచ్చేస్తుంది. అప్పటికీ లొంగకపోతే మెడికల్ షాపులో పెద్ద సిరంజి కొని, సూది తీసేసి, కింద నుంచి పైకి ఎక్కించండి. మధ్యమధ్య చిన్న సుత్తి పిడితో మెల్లగా తట్టండి. ఎన్నో కేసులు ఇలాగే బాగయ్యాయి. వదినగారికి ధైర్యం చెప్పండి. హమీద్.


పెనుమూడి,
28 ఫిబ్రవరి 2008.

తమ్ముడు హమీద్‌కి,

ఇక మీదట కార్డు రాయకు. కవర్లు లేకపోతే ఉత్తరమే మానుకో.

మా పోస్ట్‌మ్యాన్ ముత్తయ్య మంచివాడు. ఎవరికే కష్టమొచ్చినా తన కష్టమే అనుకుంటాడు. నీ కార్డు చదివి, నాకివ్వడానికి ముందే నలుగురి దగ్గర బాధపడ్డాడు. సాయంత్రానికి మా అరుగు మీద ఏడు బ్రెడ్డు పొట్లాలూ రెండు డజన్ల బత్తాయిలూ చేరాయి. వచ్చినవాళ్లంతా నన్ను దూరం నుంచి చూసి, మీ వదిన చెయ్యి పట్టుకుని "ఎప్పటి నుంచమ్మా?" అని అడుగుతున్నారు. ఆవిడ బండి గురించనుకుని "ఇరవై రోజులైందండి, రోజూ ఇద్దరం కష్టపడుతున్నాం, ఏం మార్పు లేదు" అంటోంది.

మర్నాడు కర్లపాలెం నుంచి మా బావమరిది సాంబశివరావు బస్సెక్కి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి "బావా, నన్ను గుర్తుపట్టావా?" అన్నాడు. "నువ్వు తీసుకెళ్లిన గొడుగు తిరిగిచ్చేదాకా నిన్ను మర్చిపోను" అన్నాను. "మాట బాగానే ఉందే" అని అక్క వంక చూశాడు.

ఇంతకీ అసలు సంగతి. డబ్బా నిండా ఆయిలు పోసి, లివరును హ్యాండిలుకు కట్టేసి ఉంచి, పొద్దున్నే మళ్లీ గాలి తీశాం. ఈసారి నొక్కడం, పట్టుకోవడం, వదలడం అన్నీ కుదిరాయి. సాయంత్రానికి లివరు రాయిలా గట్టిపడింది. చాలా సంతోషించాను. తెల్లారి చెప్పులేసుకుని బయటికి వచ్చి నొక్కితే, మళ్లీ వంకాయ. రేపల్లె నుంచి మెకానిక్ కోటయ్యను పిలిపించాను. అతనూ తీశాడు, గట్టిపడింది. అతను వెళ్లిన మర్నాడు మళ్లీ అంతే. పైన డబ్బాలో ఆయిలు కొంచెం తగ్గుతోంది, కింద ఎక్కడా చుక్క కారిన జాడ లేదు.

నీకేమైనా తెలుస్తోందా?

ఇట్లు,
సీతారామాంజనేయులు.

తా.క.: గొడుగు తేలేదు.


బాపట్ల,
3 మార్చి 2008.

అన్నగారికి, వదినగారికి నమస్కారాలు.

కార్డు సంగతి విని సిగ్గుపడ్డాను. నాజియా మాత్రం మళ్లీ కార్డే రాయమంటోంది, ఈసారి వచ్చే బత్తాయిల్లో సగం ఇటు పంపాలట.

మీరు చెప్పింది చదివి రెండు రోజులు ఆలోచించాను. సాయంత్రం గట్టిగా ఉండి పొద్దునకి మెత్తబడటం, చుక్క కారకుండా ఆయిలు తగ్గడం ఎక్కడా చూడలేదు. ఆయిలు కారని చోట గాలి దూరదు. గొట్టం రెండు చివర్లా రాగి వాషర్లు ఉంటాయి, అవి అరిగాయేమోనని కొత్తవి ఈ కవర్లో పెట్టాను. కోటయ్యతో వేయించండి.

మీ తమ్ముడు,
హమీద్.

తా.క.: వాషర్లు నాలుగు. ఎన్ని వేయాలో మాస్టారిని అడగకండి, నాలుగూ వేయాలి.


పెనుమూడి,
9 మార్చి 2008.

తమ్ముడు హమీద్‌కి,

వాషర్లు వేయించాం. ఒక పూట నిలిచింది. మళ్లీ మామూలే.

నువ్వు దీని గురించి బెంగపడకు. తొందరేం లేదు. రేపల్లెలో ఆ కాఫీ కూడా ఏమంత బాగుండదు. మేమిద్దరం టిఫిన్ అయ్యాక ఓ గంట కూర్చుని గాలి తీస్తున్నాం. మాటల్లో పడితే రెండు గంటలూ అవుతోంది. మా పెళ్లినాడు వంటవాళ్లు చారులో ఉప్పు మర్చిపోయారని నిన్న నట్టు బిగిస్తూ చెప్పింది. నాకింతవరకు తెలియదు.

ఇట్లు,
సీతారామాంజనేయులు.

తా.క.: ఆయిలు ఇంకో సీసా కొన్నాను. కొట్లో ఇప్పుడు నన్ను చూడగానే తీసి బల్ల మీద పెడుతున్నారు.


బాపట్ల,
13 మార్చి 2008.

అన్నగారికి,

ఈ ఉత్తరం ఇంట్లో ఎవరికీ చూపించకుండా రాస్తున్నాను.

ఎల్లుండి నా కట్టు విప్పుతారు. విప్పగానే పెనుమూడి వచ్చి మీ బండి వెనక్కి తీసుకుంటాను. మంచి బండని చెప్పి మీకు అమ్మింది నేను. పెద్దవయసులో మిమ్మల్నీ వదినగారినీ రోజూ ఆయిలు చేతులతో కూర్చోబెట్టాను. ఇలాంటి పాపం ఎప్పుడూ చేయలేదు.

ఇంకో మాట. షాపు మూసేద్దామనుకుంటున్నానండి. చెవులు పోయాయని నాజియా ఎప్పటినుంచో మానేయమంటోంది. చెవులు పోతే ఏమైంది, ఇంజను మీద చెయ్యి పెడితే నాకు తెలుస్తుంది అనేవాణ్ణి. ఇప్పుడు నెల్లాళ్లుగా ఒక్క బ్రేకులో గాలి ఎక్కడి నుంచి వస్తోందో చెప్పలేకపోయాను. చిన్న పని ఇది. నేర్చుకున్న మొదటి ఏడాదే వచ్చేసే పని. అదే పోయిందంటే ఇంక నాలో మెకానిక్ లేనట్టే. మొన్న తెనాలిలో షాపు ఇంటివాళ్లకు ఖాళీ చేస్తానని కబురు పంపాను. ఈ నెలాఖరుకు తాళాలు ఇచ్చేయాలి.

మీరు కోపం పెట్టుకోకండి.

మీ తమ్ముడు,
హమీద్.


పెనుమూడి,
18 మార్చి 2008.

తమ్ముడు హమీద్‌కి రంగమ్మ రాయునది.

మీరు నన్ను వదినగారూ అంటారు. నాకు మాత్రం తమ్ముడూ అనే రాయబుద్ధి అయింది. తప్పు చేసిన మనిషిని, ఆ చనువు ఇవ్వండి.

ముందు ఒక పని చేయండి. తెనాలికి ఇంకో కబురు పంపి షాపు ఖాళీ చేయనని చెప్పండి. మీ చేతిలో ఏ లోపమూ లేదు. మీరు అమ్మిన బండిలోనూ లేదు. మొదటిసారి గాలి దానంతటదే చేరింది. తర్వాత చేరిన గాలంతా నేను పెట్టింది.

ఎలాగంటే మీరు రాసిందే. నట్టు బిగించకముందే లివరు వదిలితే బయటి గాలి లోపలికి పోతుందన్నారు. ఆ ముక్క బాగా గుర్తుపెట్టుకున్నాను. పొద్దున్నే ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఎనిమిదో నంబరు స్పానరుతో అర చుట్టు వదులు చేసి, రెండుసార్లు లివరు నొక్కి వదిలి, మళ్లీ బిగించేసేదాన్ని. కారిన ఆయిలు పాత గుడ్డతో తుడిచేదాన్ని. ఐదు నిమిషాల పని. లివరు నొక్కి చూడకుండా ఆయన బండి ఎక్కరు, అయినా తాళంచెవి నా కొంగున ముడేసుకునేదాన్ని. బ్రేకుతో ఆటలాడటం ఎంత తప్పో నాకు తెలుసు.

ఎందుకు చేశానో కూడా చెబుతాను. ఆయన మంచివారు. కానీ పొద్దున లేస్తే పొలం, పొలం కౌలుకిచ్చాక సైకిలు, సైకిలు పోయాక బండి. వంతెన వచ్చాక ఊళ్లో అందరూ దాని మీద తిరిగొచ్చారు. ఈయన రోజుకు రెండుసార్లు వెళ్లొచ్చేవారు. ఒక్కరోజు కూడా "నువ్వూ వస్తావా" అనలేదు. నేనూ అడగలేదు. నోరు తెరిచి అడగడం మొదటినుంచీ నాకు చేతకాదు. బ్రేకు పోయినప్పటి నుంచి మనిషి ఇంట్లో కనపడ్డాడు. ఇది ఇద్దరి పని అని మీరు రాశారు చూడండి, ఆ రోజు నుంచి నాతో మాట్లాడుతున్నారు. మొదట "నొక్కు, వదులు" అని. తర్వాత వేరే మాటలూ. బ్రేకు బాగైతే అవన్నీ ఆగిపోతాయనిపించింది. అందుకని పాడుచేశాను.

మీరు షాపు మూసేస్తానని రాసిన ఉత్తరం ఆయన బీరువాలో దాచారు, నాకు శనివారం కనపడింది. చదివి నన్ను నేనే తిట్టుకున్నాను. నా సరదా కోసం ఒక మనిషి పనే మానేస్తున్నాడని. ఆ రోజే మళ్లీ ముట్టుకోనని అనుకుని, ఆయనతో కలిసి బుడగ అనేది లేకుండా గాలి తీసి, స్పానరు గూట్లో పెట్టేశాను.

ఆదివారం పొద్దున లివరు మెత్తగా ఉంది.

నేను ముట్టుకోలేదు తమ్ముడూ. మళ్లీ తీశాం. సోమవారం పొద్దున మళ్లీ మెత్తగా ఉంది. నిజంగానే బండికి ఏదో రోగం ఉందా, ఇన్నాళ్లూ ఉన్న రోగాన్ని నేనే కప్పిపెట్టానా అనిపించింది. ఇవాళ తెల్లారాక పాలు పోయించుకుందామని ముందు వాకిలి తీశాను. ఆయన బండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. చేతిలో ఎనిమిదో నంబరు స్పానరు.

"ఏంటండీ, ఏం చేస్తున్నారు?" అన్నాను.

ఆయన లేవలేదు. "నువ్వు మానేశావుగా" అన్నారు.

"ఏం మానేశాను?"

"ఇది." స్పానరు చూపించారు.

ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. "ఎప్పటి నుంచి తెలుసు?" అన్నాను.

"కోటయ్య వాషర్లు వేసి వెళ్లిన మర్నాడు. సబ్బు మర్చిపోయి వెనక్కి వచ్చాను. కిటికీలోంచి కనపడ్డావు."

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేస్తావుగా" అన్నారు.

మిమ్మల్ని తలుచుకుంటే ఇద్దరికీ తల ఎత్తుకోబుద్ధి కాలేదు. మీ ఉత్తరం చదివి కూడా ఆయన నిజం రాయలేదు, రాస్తే నన్ను పట్టిచ్చినట్టవుతుందని ఆగారట. నేనూ శనివారమే మీకు రాసి ఒప్పుకోవాల్సింది. అందుకని ఈ ఉత్తరం ఇద్దరి తరఫునా రాస్తున్నాను. మీరు బండి తీసుకోవడానికి రావద్దు. భోజనానికి రండి, నాజియాను కూడా తీసుకురండి.

తర్వాత ఇద్దరం కూర్చుని ఆఖరుసారి గాలి తీశాం. నట్టు నేనే బిగించాను. ఆయన చెయ్యి కడుక్కుని, చొక్కా మార్చుకుని, బండి తిప్పి పెట్టి, నా వంక చూడకుండా "వంతెన దాకా వస్తావా" అన్నారు.

వెళ్లాను. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి కృష్ణను గట్టు మీద నుంచే చూశాను, పైనుంచి చూడలేదు. నీళ్లు అంత వెడల్పున ఉంటాయని తెలియదు. మధ్యలో ఆపమన్నాను. ముందు బ్రేకు వేశారు. అడుగు కూడా జారకుండా ఆగింది.

"భయమేసిందా?" అన్నారు.

"ఎందుకు భయం? బిగించింది నేనేగా" అన్నాను.

ఇట్లు,
మీ అక్క,
రంగమ్మ.

తా.క.: ఈ ఉత్తరం ఇక్కడితో ఆపి లేవాలి. రేపల్లె నుంచి కోటయ్య ఇంకో బండి పంపాడు. మూడు రోజులుగా అందులో గాలి పోవట్లేదట, పెనుమూడిలో అక్కయ్యగారైతే తీస్తారని చెప్పాడట. ఆయన అప్పుడే లివరు పట్టుకుని నిలబడి పిలుస్తున్నారు.